జుర్మానా బోర్డు పెట్టేముందు

వనస్థలిపురం,
హైదరాబాద్.

చిరంజీవి అల్లుడికి,

మీ అత్తయ్య, నేను బాగున్నాం. నువ్వు ఫోన్‌లో పంపిన బోర్డు నమూనా కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. సెల్లార్‌లో చెత్త పెడితే వెయ్యి. బండి అడ్డంగా పెడితే ఐదు వందలు. బాల్కనీలోంచి నీళ్లు పోస్తే ఐదు వందలు. రాత్రి పది దాటాక గోల చేస్తే రెండు వేలు. కుక్కలకు అన్నం పెడితే వెయ్యి. ఇలా మొత్తం పదకొండు నేరాలు, పక్కన రేట్లు, కింద ‘ఇట్లు, కార్యదర్శి’ అని నీ పేరు. మీ అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శివై ఇంకా నెల కూడా కాలేదు కదా అల్లుడా!

‘భాష ఎట్లుంది మామయ్యా?’ అని అడిగావు. భాష బాగుంది. ఒత్తులు కూడా సరిగ్గానే పడ్డాయి. మిగతాది బాగాలేదు. ఫోన్‌లో చెప్తే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు, పెయింటర్‌ను పిలిపిస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను కోర్టులో బెంచి క్లర్కుగా ఇరవై ఆరేళ్లు చేశాను, అందులో చాలాకాలం నాంపల్లిలోనే. రిటైరయ్యాక తొమ్మిదేళ్లు మా కాలనీ సంఘానికి కార్యదర్శిని. అక్కడ జుర్మానాలు రాశాను, ఇక్కడ వేశాను. మొదటి రెండేళ్లు ఈ రెండూ ఒకటే అనుకున్నాను. నా తప్పులన్నీ అక్కడే మొదలయ్యాయి.

పెట్టీ కేసుల రోజు కోర్టు ఎలా ఉండేదో చెప్తాను. పొద్దున్నే కానిస్టేబుళ్లు ఇరవై ముప్పై మందిని వరసగా నిలబెట్టేవాళ్లు. రోడ్డు మీద గొడవపడినవాడు, తాగి అరిచినవాడు, రాత్రి టైము దాటినా దుకాణం మూయనివాడు. వాళ్ల మీద పెట్టే కేసులు ఎక్కువగా హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం కింద. దాని సంవత్సరం 1348 ఫస్లీ. నిజాం కాలపు లెక్క అది, 590 కలుపుకుంటే 1938 వస్తుంది. ఇప్పటికీ చిల్లర కేసులకు పోలీసులు తీసేది ఆ పుస్తకమే. మేజిస్ట్రేట్ గారు నేరం చదివి ‘ఒప్పుకుంటున్నావా?’ అని అడిగేవారు. ‘ఒప్పుకుంటున్న సార్’. ఇంత జుర్మానా, లేదా కోర్టు లేచేదాకా కూర్చో. మనిషికి రెండు నిమిషాలు. అందరికీ కనబడని సంగతి ఒకటి నా కుర్చీలోంచి కనబడేది. వరండాలో నిలబడ్డవాళ్లు ఒకరినొకరు ‘ఏం చేసినవ్?’ అని అడిగేవాళ్లు కాదు. ‘ఎంత పడ్డది?’ అని అడిగేవాళ్లు.

ఆ డబ్బు ఎక్కడికి పోయేదో చూడు. కౌంటర్‌లో కడితే నంబరుతో రసీదు ఇచ్చేవాళ్లం. సాయంత్రానికి లెక్క కట్టి సర్కారు ఖజానాకు జమ చేసేవాళ్లం. పట్టుకొచ్చిన కానిస్టేబుల్‌కు అందులో పైసా లేదు, వేసిన మేజిస్ట్రేట్‌కు లేదు, రాసిన నాకు లేదు. ఎక్కువ వేస్తే మాకు లాభం లేదు, తక్కువ వేస్తే నష్టం లేదు. జుర్మానాకు ఆ మాత్రం మర్యాద ఉందంటే అందువల్లే. నీ సంఘంలో పట్టుకునేది మీరే, వేసేది మీరే, వసూలు చేసేది మీరే, ఖర్చు పెట్టేదీ మీరే. నువ్వు ఎంత నిజాయితీపరుడివైనా సరే, ఈ నాలుగూ ఒకే చేతిలో ఉంటే జనం కళ్లు ఆ చేతి మీదే ఉంటాయి.

ఇక నీకు ఆ అధికారం ఉందా? పోలీసులకు ఉంది, చెప్పాను కదా. బల్దియాకు ఉంది, 1955 నాటి మున్సిపల్ చట్టం ఇచ్చింది. బహిరంగ స్థలంలో సిగరెట్ తాగితే రెండు వందల దాకా వేయొచ్చని 2003 చట్టం చెప్పింది, ఎవరు వేయాలో కూడా చెప్పింది. సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘానికి దారిన పోయేవాడి మీద జుర్మానా వేసే అధికారం ఎవరూ ఇవ్వలేదు. నీకున్నది సభ్యుల మధ్య ఒప్పందం ఒక్కటే. బైలాలో రాసుకుని, జనరల్ బాడీలో చదివి, అందరూ చేతులెత్తి ఒప్పుకుంటే సభ్యుల దగ్గర తీసుకోవచ్చు. అదీ అతిగా ఉంటే ఏ సభ్యుడైనా జిల్లా కోర్టుకు పోవచ్చు, సొసైటీల చట్టంలోనే ఆ దారి ఉంది. నువ్వు రాత్రికి రాత్రి రాసి గేటుకు తగిలిస్తే అది బైలా కాదు, నీ కోపం.

అందుకే అద్దెకుండేవాళ్ల పేరు మీద రాయకు. వాళ్లు సభ్యులు కాదు. ఫ్లాటు ఓనర్‌కు రాయి, వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. పనమ్మాయి, వాచ్‌మన్, పాలబ్బాయి, డెలివరీ పిల్లల మీద అసలే వద్దు. పనివాళ్లు, డెలివరీ పిల్లలు పెద్ద లిఫ్ట్ ఎక్కితే వెయ్యి రూపాయలని ఒక అపార్ట్‌మెంట్‌లో పెట్టిన నోటీసు ఫొటో 2023లో ఊరంతా తిరిగింది గుర్తుందా? అది చూసి మీ అత్తయ్య ‘ఆ పిల్ల పది ఇండ్లల్ల బాసాన్లు తోముతే వచ్చేదెంత, వీళ్లు గుంజుకునేదెంత’ అంది. ఆ లెక్క నీ బోర్డులోనూ ఉంది. పనివాళ్ల మీద రాసిన తొమ్మిదో లైను చదువుకో. కుక్కల లైను కూడా తీసెయ్యి. 2023 నాటి నిబంధనల ప్రకారం వాటికి తిండి పెట్టే చోటు, వేళ చూపించాల్సిన బాధ్యత మీ సంఘానిదే. పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకూ దూరంగా ఒక మూల చూపించు, సగం గొడవ పోతుంది.

మనం ఈ జుర్మానాల సంగతంతా పట్నంలో పుట్టిందనుకుంటాం. కాదు. మీ తాతయ్య కొంతకాలం ఊళ్లో బందెలదొడ్డి లెక్కలు రాశారు, మీ అమ్మకు కూడా గుర్తుండాలి. ఎవరి గేదెలు ఇంకొకరి చేలో పడి మేస్తే వాటిని తోలుకొచ్చి దొడ్లో కట్టేసేవాళ్లు. యజమాని వచ్చి డబ్బు కట్టి విడిపించుకోవాలి. ఇంగ్లీషువాళ్లు 1871లో దీనికో చట్టం కూడా చేశారు. తాతయ్య పుస్తకంలో రెండు పద్దులు ఉండేవి. ఒకటి జుర్మానా, రెండోది మేత ఖర్చు. మేత ఖర్చు కట్టడానికి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ‘నా గొడ్డు తిన్నది, నేను కడత’ అనేవాళ్లు. కేకలన్నీ మొదటి పద్దు మీదే.

నాకు ఈ సంగతి కార్యదర్శిగా మూడో ఏట గుర్తొచ్చింది. మా కాలనీలో ఒకాయన బాత్‌రూమ్ రిపేరు చేయించి, టైల్స్ ముక్కలు, సిమెంటు పెళ్లలు ఖాళీ ప్లాటులో పోయించాడు. రెండు వేలు జుర్మానా అన్నాం. ఆరు నెలలు కట్టలేదు, పైగా ‘నువ్వెవరివయ్యా?’ అన్నాడు. చివరికి మేమే ట్రాక్టర్ పిలిచి ఎత్తించి, ట్రాక్టర్‌కు, ఇద్దరు కూలీలకు అయిన పద్దెనిమిది వందల బిల్లు తీసుకెళ్లి చేతిలో పెట్టాను. జుర్మానా మాట ఎత్తలేదు. లోపలికెళ్లి డబ్బు తెచ్చిచ్చాడు, నీళ్లు కూడా ఇచ్చాడు. నీ పదకొండులో ఐదు ఇలాంటివే. గోడ పాడుచేస్తే సున్నం ఖర్చు, పైపు పగలగొడితే ప్లంబర్ ఖర్చు. బిల్లు చూపించు, అంతే తీసుకో, పైన రూపాయి వేయకు. దానికి జుర్మానా అని పేరు పెట్టి పాడుచేసుకోవద్దు.

ఇప్పుడు పార్కింగ్. మేం మొదట్లో గేటు ముందు కారు పెడితే రెండు వందలు అన్నాం. మా బ్యాంకు సార్‌కు రెండు కార్లు. మొదటి నెల నాలుగుసార్లు కట్టాడు. రెండో నెల ఒకటో తారీఖున కవరు తెచ్చి ఇచ్చాడు. ‘ఇందులో ఆరు వేలు ఉన్నయ్, ముప్పై రోజులకు లెక్క కట్టిన, మాటిమాటికీ రసీదు ఎందుకు, మీకూ శ్రమ’ అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే మర్యాదగా అన్నాడు! అప్పటిదాకా కారు తీయమంటే సిగ్గుపడి తీసేవాడు. డబ్బు కట్టాక దర్జాగా పెట్టుకున్నాడు. మేం పెట్టింది జుర్మానా కాదు, పార్కింగ్ టికెట్టు. కవరు తిరిగి ఇచ్చేసి, ఆ నిబంధనే తీసేశాం. రెండు సిమెంటు దిమ్మెలు పెట్టించాం, కారు పట్టే జాగా లేకుండా. అప్పటినుంచి ఎవరూ పెట్టలేదు, ఎవరితోనూ మాట పడలేదు.

జుర్మానా ఎంత ఉండాలని అడుగుతావు. చిన్నగా ఉండాలి, కానీ ఖాయంగా ఉండాలి. పబ్లిక్ న్యూసెన్స్‌కు ఇండియన్ పీనల్ కోడ్‌లో రెండు వందల దాకా జుర్మానా అని రాశారు. రాసింది 1860లో. అప్పుడది మనిషి నడుం విరిగే డబ్బు. 2024 జూలై 1న కొత్త న్యాయ సంహిత వచ్చేదాకా ఆ రెండు వందలు అలాగే ఉన్నాయి, అప్పటికి అది బిర్యానీ డబ్బు. ఇప్పుడు వెయ్యి దాకా చేశారు. అంత పెద్ద చట్టమే వెయ్యి దగ్గర ఆగితే, నువ్వు పాట గట్టిగా పెట్టినందుకు రెండు వేలు అంటున్నావు. మా కాలనీలో వంద. రెండోసారికి రెండు వందలు. ఆ సిమెంటు పెళ్లల గొడవ తర్వాత అంతకు మించి ఎప్పుడూ పోలేదు. అదీ మొదటిసారి నోటిమాట, రెండోసారి కాగితం, మూడోసారే డబ్బు.

పెట్టాక మాత్రం తగ్గించకు. ట్రాఫిక్ చలాన్ల సంగతి చూశావుగా. 2022లో రాయితీ ఇచ్చారు, బైకులవాళ్లు పావు వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబర్‌లో మళ్లీ ఇచ్చారు, బైకులకు ఎనభై శాతం మాఫీ. సర్కారు ఇబ్బందులు సర్కారుకు ఉంటాయి, పేరుకుపోయిన బాకీ కొంతైనా వస్తుందనుకున్నారు. కానీ మీ పెద్దోడు ఏమన్నాడో గుర్తుందా? ‘తాతా, ఇప్పుడు కడితే దండుగ, డిస్కౌంట్ వస్తది ఆగు’. పద్దెనిమిదేళ్ల పిల్లాడు! మనవాళ్లు ఎప్పుడో పాత రోజుల్లోనే జుర్మానాకూ, వృథా ఖర్చుకూ కలిపి దండుగ అని ఒకే మాట పెట్టుకున్నారు. వెయ్యి అని రాసి, బతిమాలితే ఐదు వందలకు తగ్గించి, ప్రెసిడెంటు గారి బావమరిదిని ఉత్తిగా వదిలేసేకంటే వంద రాసి వంద తీసుకోవడం నయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది నేను మీ అమ్మకు కూడా చెప్పలేదు. కార్యదర్శిగా రెండో ఏట, వినాయక చవితికి లైటింగ్ ఘనంగా చేయాలని కమిటీలో అందరికీ ఉంది. చందాలు సరిపోవు. బడ్జెట్ రాస్తూ ‘ఇతర ఆదాయం, జుర్మానాలు, పద్దెనిమిది వేలు’ అని నేనే ఒక లైను రాశాను. నిరుడు పదకొండు వేలు వచ్చాయి కదా, ఈసారి ఇంకొంచెం గట్టిగా చూస్తే వస్తాయిలే అనుకున్నాను. ఆషాఢం దాటేసరికి నాలుగు వేలు కూడా రాలేదు. జనం మంచిగా ఉన్నారన్నమాట. సంతోషించాలి కదా? మాకు టెన్షన్ పట్టుకుంది. నేను, కోశాధికారి, ఇంకొకాయన రాత్రి పదింటికి టార్చిలైటు, నోట్‌బుక్ పట్టుకుని గల్లీల్లో తిరిగాం. ఎవరి డస్ట్‌బిన్ గేటు బయట ఉంది, ఎవరి పైపు కారుతోంది అని. నీళ్లకుండీ దగ్గర ఒక పిల్లాడు చాక్లెట్ కాగితం పడేస్తే వాళ్ల నాన్నకు వంద రాశాం. చవితి నాటికి డబ్బు సరిపోయింది. లైటింగ్ బ్రహ్మాండంగా ఉంది. ఆ రాత్రి మండపం దగ్గర కుర్చీలు సగం ఖాళీ. చాక్లెట్ పిల్లాడి నాయనమ్మ ప్రసాదం తీసుకుని నా ముఖం చూసి ‘మా పైసలతోనే కదా ఈ బల్బులు’ అంది. గట్టిగా కూడా అనలేదు.

కాబట్టి ఎన్ని తీసేసినా, ఎన్ని ఉంచినా ఇది మాత్రం నా మాట విను. జుర్మానాలు ఎంత వస్తాయో బడ్జెట్‌లో ఎప్పుడూ రాయకు. ఆ డబ్బు మీద ఏ పనీ ఆధారపడకూడదు. వాచ్‌మన్ జీతానికి వద్దు, లిఫ్ట్ మెయింటెనెన్స్‌కు వద్దు. దేవుడికి అసలే వద్దు, మీ దగ్గర అన్ని మతాలవాళ్లూ ఉన్నారు, జుర్మానా కట్టినవాడి డబ్బుతో ఒకరి పండగ చేస్తే రెండో గొడవ. కమిటీ మీటింగుల చాయ్ సమోసాకు కూడా వద్దు, మీ డబ్బుతో మీరు తాగండి. ఏ తప్పుకు తీసుకున్నావో ఆ తప్పు తగిలిన చోటే ఖర్చు పెట్టు. కోర్టుల్లో కూడా జుర్మానాలోంచి కొంత దెబ్బతిన్నవాడికి పరిహారంగా ఇప్పించే వీలుంది. మేజిస్ట్రేట్ గారు అలా ఇప్పించిన రోజు మాత్రమే ఫిర్యాదీ కోర్టుకు దండం పెట్టి పోవడం చూశాను.

మేం ఆ తర్వాత చేసింది చెప్తాను. మా మూడో గల్లీ చివర కరెంటు స్తంభం కింద చెత్త కుప్ప. ఎంత శుభ్రం చేసినా తెల్లారేసరికి మళ్లీ నాలుగు కవర్లు. ఆ ఏడాది చెత్త మీద వచ్చిన జుర్మానా మొత్తం రెండు వేల మూడు వందలు. ఆ రెండు వేల మూడు వందలూ ఆ మూలకే పెట్టాం. ఎర్రమట్టి పోయించి, గన్నేరు, నందివర్ధనం మొక్కలు నాటాం. మిగిలిన డబ్బుతో చెత్త తీసుకుపోయే స్వచ్ఛ ఆటోలో వచ్చే ఇద్దరికి చేతులకు తొడుగులు కొనిచ్చాం. చిన్న అట్టముక్క మీద ‘ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది’ అని రాసి అక్కడే కట్టాం, కట్టినవాళ్ల పేర్లు లేకుండా. శుక్రవారం పొద్దున ఎవరో ఆ మొక్కల ముందు ముగ్గు వేశారు. ముగ్గు మీద కవరు విసిరేవాడు ఇంకా పుట్టలేదు అల్లుడా, కనీసం మా గల్లీలో.

పేర్లు లేకుండా అన్నాను కదా, అది ఊరికే అనలేదు. అంతకుముందు ఒకసారి కెమెరాలో పడిన ఫొటో తీసి నోటీసు బోర్డు మీద అంటించాం. నడివయసు ఆవిడ, రాత్రి ఎనిమిదికి నల్ల కవరు ఆ మూల పెట్టి గబగబా వెళ్తోంది. నేనే అంటించాను. మర్నాడు ఆవిడ భర్త రాలేదు, కొడుకు రాలేదు, ఆవిడే వచ్చింది. వాళ్ల అత్తగారు మంచం పట్టి ఎనిమిది నెలలు. ఆ కవర్లలో ఉన్నవి డైపర్లు. ఈవిడకు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ, ఇల్లు చేరేది పొద్దున తొమ్మిదికి, మా గల్లీకి ఆటో వచ్చేది ఆరున్నరకు. రోజంతా ఆ వాసన ఇంట్లో పెట్టుకోలేక, గుమ్మంలో పెట్టి పోతే కుక్కలు లాగుతాయని భయపడి అలా చేస్తోంది. ‘నన్ను అడిగితే చెప్పేదాన్ని కదండీ’ అంది. నేను ఫొటో చింపేశాను గానీ, చూసినవాళ్ల కళ్లలోంచి ఎలా చింపుతాను? ఆ తర్వాత గేటు దగ్గర మూతున్న డబ్బా ఒకటి పెట్టి, డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా వేయమన్నాం. వాటిని విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి చెత్త నిబంధనల్లోనే రాశారు, మేం చదవలేదు. వాచ్‌మన్ పొద్దున ఆటోకు అందిస్తాడు, అందుకు నెలకు కొంత ఇస్తాం. ఆ డబ్బా వచ్చాక మూలన పడే కవర్లు సగం తగ్గాయి, అంటే ఆవిడ ఒక్కతే కాదన్నమాట. రాసే ముందు ఒకసారి తలుపు తట్టి అడుగు. మీ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టడం ఈ రోజే ఆపించు.

పిల్లలు తప్పు చేస్తే డబ్బు అడగకు, అది నాన్న జేబుకే తగులుతుంది. మా కమ్యూనిటీ హాలు గోడ మీద బొగ్గుతో క్రికెట్ వికెట్లు గీసిన ఐదుగురి చేత ఆదివారం సున్నం వేయించాం. వాళ్లకదో ఆటైపోయింది, తర్వాత గీయాలనుకున్నవాళ్లను వాళ్లే ఆపారు. పెద్దవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. కొత్త న్యాయ సంహితలో చిన్న నేరాలకు సమాజ సేవ శిక్షగా పెట్టారు, తాగి బజారులో అల్లరి చేసినవాడికి ఒక రోజు జైలు, వెయ్యి జుర్మానా బదులు సేవ కూడా చెప్పొచ్చు. నువ్వు బలవంతంగా చేయించలేవు. ‘వంద కడతారా, ఆదివారం మొక్కలకు నీళ్లు పోస్తారా?’ అని అడగొచ్చు. మా బ్యాంకు సార్ నీళ్లే పోశాడు, వాకింగ్ కలిసొస్తుందని.

కట్టనంటే ఏం చేయాలి? ఏమీ చేయకు. రాసి ఉంచు, ఏడాది చివర జనరల్ బాడీలో ‘ఇన్ని బాకీలున్నాయి’ అని చెప్పు. నీళ్లు ఆపడం, కరెంటు ఆపడం, గ్యాస్ సిలిండర్ లోపలికి రానివ్వకపోవడం, కారు చక్రానికి తాళం వేయడం, ఇవన్నీ మీ కుర్రాళ్లెవరైనా సలహా ఇస్తే వినకు. నిజామాబాద్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీలు జుర్మానాలు వేసి, కట్టని కుటుంబాలకు దుకాణాల్లో సామాను అమ్మొద్దని, వాళ్లతో మాట్లాడితే మళ్లీ జుర్మానా అని చాటింపు వేసిన వార్తలు పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? చివరికి కేసులు కమిటీవాళ్ల మీదే అయ్యాయి. వాళ్లలో చాలామంది ఊరి బాగు కోసమని మొదలుపెట్టినవాళ్లే. అపార్ట్‌మెంట్‌కు లిఫ్టు, జిమ్మూ ఉన్నంత మాత్రాన అది వేరే అవుతుందా? నిజంగా మించిపోతే, రాత్రి పది దాటాక డీజే ఆగకపోతే, పోలీసులకు ఫోన్ చెయ్యి, పది నుంచి ఆరు దాకా ఆపాలని నిబంధన వాళ్ల దగ్గరే ఉంది. ఖాళీ ప్లాటులో చెత్త తగలబెడితే బల్దియా సర్కిల్ ఆఫీసుకు రాయి. అధికారం ఉన్నవాళ్లు ఉండగా లేనివాడివి నువ్వు మీద వేసుకోవడం ఎందుకు?

లెక్కల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఇది నీకు ఆఫీసు పనే. నగదు ముట్టుకోకు, సంఘం ఖాతా క్యూఆర్ కోడ్‌కే వేయమను. నంబర్లు అచ్చయిన రసీదు పుస్తకం, మూడు కాపీలు. మెయింటెనెన్స్‌లో కలపకుండా వేరే పద్దు. రాసే అధికారం కార్యదర్శికి వద్దు. ముగ్గురు ఉండాలి, అందులో ఒకరు అద్దెకుండేవాళ్లు, ఒకరు ఆడవాళ్లు, కమిటీ మనిషి ఒక్కరే. అవతలివాళ్ల మాట వినకుండా రాయకూడదు. మార్చి చివర మిగిలిన డబ్బు సున్నాకు తేవాలి, దాచుకోకూడదు.

ఇంకొకటి, మొదటి రసీదు నీ మీద రాసుకో. ఏదో ఒక తప్పు చేయకపోవులే. మా కొత్త పుస్తకంలో ఒకటో నంబరు నాది. కారు కడుగుతూ ఫోన్ వస్తే పైపు అలాగే వదిలి లోపలికెళ్లాను, రోడ్డంతా నీళ్లు. వంద కట్టి రసీదు నోటీసు బోర్డుకు అంటించాను. ఆ ఒక్క పేరే మా బోర్డు ఎక్కింది. ఆ వారం ముగ్గురు తమంతట తామే వచ్చి పాత బాకీలు కట్టారు.

నీ బోర్డు నమూనా మీద పెన్సిల్‌తో గీతలు కొట్టి, ఫొటో తీసి పంపిస్తున్నాను. పదకొండులో ఎనిమిది కొట్టేశాను. చెత్త, గోల, బాల్కనీ నీళ్లు ఉంచాను, రేట్లు మార్చాను. ‘ఇట్లు, కార్యదర్శి’ తీసేసి ‘జనరల్ బాడీ తీర్మానం’ అని తేదీకి ఖాళీ వదిలాను. తేదీ వచ్చాకే పెయింటర్‌ను పిలువు.

ఆదివారం పిల్లల్ని తీసుకుని రా, అత్తయ్య సర్వపిండి చేస్తానంటోంది. పాత రసీదు పుస్తకం కూడా చూపిస్తాను. వచ్చేటప్పుడు బండి పార్కు గోడవైపు పెట్టు. ఇటువైపు పెడితే ఇప్పటి కార్యదర్శమ్మ రసీదు రాసేస్తుంది. పోయిన నెల నాకూ రాసింది, పాత కార్యదర్శినని చెప్పినా వినలేదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య